శ్రీశైలం తొవ్వలో ఆగుతూ పోదాం



పరీక్షలు అయిపోయి బడులకు సెలవులు ఇచ్చారంటే హైదరాబాదు పాతబస్తీలోని మా ఛత్రినాకలో ఇల్లిల్లూ ఒకే లెక్క వేస్తుంది. పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోదాం, ఎంతవుతుంది? ఊటీకి పోదామంటే రైలు టికెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అరకు దూరం. మేనమామ ఊరికి పోయొచ్చాక కూడా ఇంకా నెల రోజులు మిగులుతాయి. పిల్లలేమో ఫోన్‌లో కొండలు, అడవులు, పులులు చూస్తూ అవన్నీ మనకు అందని చోట ఎక్కడో ఉన్నాయనుకుంటారు. ఆ పిల్లలకూ, ఆ లెక్క వేస్తున్న తల్లిదండ్రులకూ ఇవాళ ఒక దారి చెప్పాలని వచ్చాను. మన గల్లీల్లోంచి బయటపడి చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటగానే దక్షిణంగా సాగిపోయే శ్రీశైలం రోడ్డే ఆ దారి. ప్రభుత్వం లెక్కల్లో అది 765వ నంబరు జాతీయ రహదారి.

ఈ రోడ్డు మనకు కొత్త కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మధ్యలో ఒక్కచోట టీ తాగి, మల్లన్న దర్శనం చేసుకుని, రాత్రికి ఇల్లు చేరడం మనకు అలవాటు. పోను సుమారు 215 కిలోమీటర్లు, రాను అంతే. ఆ మొక్కును నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తొందరలో మనం కిటికీ అద్దంలోంచి కూడా చూడకుండా దాటిపోతున్నవి చాలా ఉన్నాయి. పులులు తిరిగే అడవి ఉంది. చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఉన్నాయి. నిజాం కాలపు జలాశయం ఉంది. రోడ్డు వదిలి కొంచెం పక్కకు తిరిగితే, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే కృష్ణ నీళ్లలోంచి బయటికి వచ్చే గుడి ఉంది. ఒక్కరోజులో ముగించే ఆ పరుగును నాలుగైదు రోజులకు సాగదీయండి. శ్రీశైలం పోయే తొవ్వనే యాత్రగా చేసుకోండి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన పాతబస్తీకీ శ్రీశైలానికీ ఉన్న బంధం ఇప్పటిది కూడా కాదు. 1677లో ఛత్రపతి శివాజీ గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషాను కలుసుకోవడానికి హైదరాబాదు వచ్చాడు. మంత్రులు అక్కన్న, మాదన్న అధికారంలో ఉన్న కాలం అది. హరిబౌలిలో వారి పేరుతో పిలుచుకునే మహంకాళి గుడి ఇప్పటికీ ఉంది, బోనాలప్పుడు మనమంతా పోయేదే. ఇక్కడ ఒప్పందం కుదిరాక శివాజీ దక్షిణ దండయాత్రకు కదిలి శ్రీశైలం చేరాడు. చేరి, కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. ముందు అంత పెద్ద దండయాత్ర పెట్టుకున్న రాజే ఆ కొండల్లో ఆగాడు. సెలవుల్లో ఉన్న మనకు తొందరేమిటి?

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే చాలా ఇళ్లలో ప్రయాణం ఆగిపోయేది అక్కడే. ఛత్రినాక నుంచి శ్రీశైలం, మళ్లీ వెనక్కి అచ్చంపేట, అక్కడి నుంచి కొల్లాపూర్, సోమశిల, నాగర్‌కర్నూల్ మీదుగా తిరిగి ఇల్లు. ఈ చుట్టంతా కలిపి దాదాపు 600 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిల్ మీద ఇద్దరు పోతే పద్నాలుగు లీటర్ల లోపు పెట్రోలు పడుతుంది. ఇప్పటి ధరల్లో అది 1,500 రూపాయలు దాటదు. పిల్లలతో పోయేవాళ్లకు నా సలహా ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెడతారు. అమ్మ, నానమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, నాన్న బయలుదేరితే కల్వకుర్తికైనా, అచ్చంపేటకైనా, కొల్లాపూర్‌కైనా డబ్బు పెట్టి కొనేది నాన్న టికెట్ ఒక్కటే. లగ్జరీ బస్సుల్లో ఈ సౌకర్యం లేదు. రాష్ట్ర సరిహద్దు దాటాక కూడా వర్తించదు. ఆ సంగతి ముందే తెలుసుకుని ఎక్కే బస్సు చూసుకోండి. బస్సు పోని చోటికి షేర్ ఆటోలు ఉంటాయి. ఐదారు కుటుంబాలు కలిసి తుఫాన్ బండి మాట్లాడుకునే పద్ధతి మన బస్తీల్లో ఉండనే ఉంది. అదీ మంచిదే. కాకపోతే, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో బయలుదేరే ముందే డ్రైవరుతో మాట్లాడుకోవాలి.

తిండికి మొదటి రోజు ఇంటి నుంచే కట్టుకుపోండి. పులిహోర, జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, ఉల్లిగడ్డ. స్టీలు డబ్బాల్లో, స్టీలు సీసాల్లో పట్టుకుపోండి. దీనికి ఒక కారణం ఉంది, అడవి గేటు దగ్గరికి వచ్చాక చెబుతాను. ఎండ సంగతి మరవొద్దు. తెల్లారేసరికి రోడ్డెక్కాలి, పన్నెండు నుంచి నాలుగు దాకా ఏ గుడి మండపంలోనో చెట్టు కిందనో కూర్చోవాలి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే ఈ నియమం అసలు తప్పొద్దు. మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు, తలకు తువ్వాలు లేకుండా బయలుదేరొద్దు.

ఇక తొవ్వ. బార్కస్ దాటితే పహాడీషరీఫ్. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. మన వైపు హిందువులూ ముస్లింలూ అందరూ మెట్లెక్కి మొక్కేచోటు. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక నగరం పలచబడుతుంది. కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ గుడి వస్తుంది. ఈ దారిన పోయే లారీ డ్రైవరు నుంచి కొత్త కారు కొన్నవాళ్ల దాకా అందరూ బండి ఆపి కొబ్బరికాయ కొట్టిపోతారు. చుట్టుపక్కల తండాల లంబాడాలకు ఆమె మీద గురి ఎక్కువ. ఆమనగల్లు, వెల్దండ దాటి కల్వకుర్తి చేరేసరికి టిఫిన్ వేళ అవుతుంది.

కల్వకుర్తిలో బస్టాండు దగ్గర కూర్చుని టిఫిన్ చేయండి. 1989లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు హిందూపురంతో పాటు ఇక్కడి నుంచి కూడా పోటీ చేశారు. హిందూపురంలో గెలిచి ఇక్కడ చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయారు. రాష్ట్రమంతా ఈ ఊరి పేరు పలికిన రోజులవి. పెద్దవాళ్లెవరైనా పక్క బెంచీ మీద ఉంటే ఆ ముచ్చట కదపండి. చిన్న ఊళ్లలో ఆగడం వల్ల లాభం ఇలాంటిదే. పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న సంగతి అక్కడ చూసినవాళ్ల నోటి నుంచి వింటాం. ఇక్కడి నుంచి రోడ్డు పక్కన తాటిముంజలు అమ్మేవాళ్లు కనిపిస్తూ ఉంటారు. కళ్ల ముందే కాయ చెక్కి ముంజ తీసి మోదుగాకులో పెట్టి ఇస్తుంటే, పట్నం పిల్లలు ఆ కత్తి పనిని నోరు తెరుచుకుని చూస్తారు.

తరువాత డిండి. 1940లలో నిజాం ప్రభుత్వం డిండి వాగు మీద కట్టించిన జలాశయం రోడ్డు పక్కనే ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు లోపలికి తగ్గిపోయి, ఒండ్రు మేటల మీద కొంగలు, తిత్తిరి పిట్టలు దిగుతాయి. పొద్దున్నే వస్తే చూడటానికి బాగుంటుంది. మధ్యాహ్నం వస్తే ఆగొద్దు, నీడ లేదు.

హాజీపూర్ చౌరస్తా నుంచి అచ్చంపేట వైపు తిరిగితే ఉమామహేశ్వరం దగ్గర. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. రంగాపూర్ ఊరి మీదుగా గుట్టెక్కితే నిలువెత్తు రాతి చరియ కింద గుడి ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆ రాయి కింద చల్లగా ఉంటుంది. చరియలోంచి నీటి ఊట కారుతుంది, దాన్నే పాపనాశనం అంటారు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడ కూర్చోవాలని అడిగితే నేను ఈ చోటే చెబుతాను.

ఇప్పుడు మన్ననూరు. అటవీశాఖ గేటు దగ్గర బండి ఆగుతుంది. ఇక్కడి నుంచి దోమలపెంట దాకా రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇది ఒక భాగంగా ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఈవల ఉన్న భాగం అమ్రాబాద్ అయింది. దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. నదికి ఆవల ఆంధ్రప్రదేశ్ భాగంతో కలిపితే ఆరు వేలు దాటుతుంది. కాగితం మీద రెండుగా విడిపోయినా నల్లమల అడవి ఒక్కటే. పులికి సరిహద్దు గేటు లేదు, ఎండాకాలంలో నీళ్లు ఎటుంటే అటు పోతుంది.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ గేట్లు మూసేస్తారు. చాలామంది దీని మీద విసుక్కుంటారు. గేటు దగ్గర సిబ్బందితో గొడవపడేవాళ్లను కూడా చూశాను. ఆ రోడ్డు మనకు రోడ్డు, అక్కడి జంతువులకు అది వాకిలి. రాత్రిపూట దుప్పులు, కణుతులు, ఎలుగుబంట్లు, చిరుతలు దాన్ని దాటుతూనే ఉంటాయి. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే జంతువు కదలకుండా నిలబడిపోతుంది, బండి ఆగదు. ఆ తొమ్మిది గంటలైనా అడవిని దానికే వదిలేయడం న్యాయం. మన ప్రయాణమే దానికి తగినట్టు చూసుకుందాం.

స్టీలు డబ్బాలు ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఈ అభయారణ్యంలోకి అనుమతించడం లేదు. నీళ్ల సీసా, చిప్స్ పొట్లం, పాలిథిన్ కవరు అన్నీ ఇందులోకే వస్తాయి. ఉప్పు, నూనె వాసనకు దుప్పులూ కోతులూ ఆ కవర్లను నమిలి మింగుతాయి. అవి కడుపులో చుట్టుకుపోయి చస్తాయి. అలాగే కోతులకు అరటిపండ్లు విసరొద్దు. పుణ్యమనుకుని చేస్తాం, కానీ దాంతో అవి అడవిలో తిండి వెతుక్కోవడం మానేసి రోడ్డు మీదే కాపురం పెట్టి బండ్ల కింద పడుతున్నాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. బస్సు కిటికీలోంచి విసిరిన ఒక్క బీడీ ముక్క చాలు. గడ్డిలో గుడ్లు పెట్టిన పక్షులు, పాకే జీవాలు, మొలకలు అన్నీ కాలిపోతాయి. మంట లేచాక ఆర్పేది చెట్టు కొమ్మలు పట్టుకుని పరుగెత్తే మనుషులే. వాళ్లలో ఎక్కువమంది చెంచులు.

ఎండాకాలంలో అడవికి ఎందుకు, ఆకు కూడా ఉండదు కదా అని అంటారు. ఆకు లేకపోవడమే మనకు కలిసొస్తుంది. వానాకాలంలో రోడ్డు నుంచి పది అడుగుల అవతల ఏముందో కనపడదు. ఏప్రిల్, మే నెలల్లో అడవి లోపలి దాకా చూపు పోతుంది. రాళ్ల గుట్టల మీద తపసి చెట్లు ఒక్క ఆకు లేకుండా తెల్లగా మెరుస్తుంటాయి. ఆ చెట్టు బంకకు మంచి గిరాకీ ఉంది, చెంచులు తరతరాలుగా సేకరిస్తున్నారు. వేసవి మొదట్లో ఇప్పచెట్ల కింద తెల్లవారేసరికి పూలు రాలి ఉంటాయి. మనుషులు ఏరుకునేలోపు ఎలుగుబంటి వచ్చి తినిపోతుంది. వాగులు ఎండిపోవడంతో జంతువులన్నీ మిగిలిన నీటి గుంటల దగ్గరికే రావాలి. అటవీశాఖ వాళ్లు పళ్లెం ఆకారంలో సిమెంటు తొట్లు కట్టి, కొన్నిటిని ట్యాంకర్లతో, కొన్నిటిని సోలార్ బోర్లతో నింపుతారు. దుప్పి, మనుబోతు, అడవిపంది, రేసుకుక్క ఒకదాని తరువాత ఒకటి వచ్చి తాగిపోయేది అక్కడే.

ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ సఫారీ వాహనాలు ఉన్నాయి. నిజాం కాలంలో దొరలు వేటకు వచ్చి దిగిన చోటు ఇది. ఇప్పుడు అదే చోటు నుంచి జంతువులను చూడటానికి పోతున్నాం, కాలం తెచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. వాహనంలో సీట్లు పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది కనుక ఇంకో కుటుంబంతో కలవండి. పులి కనపడుతుందని మాత్రం పిల్లలకు మాట ఇవ్వొద్దు. నల్లమల పులి మనిషికి దొరకదు. అడుగుజాడ కనపడితే బండి ఆపించి చూపించండి. చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూపించండి. వ్యూ పాయింట్ దగ్గర నిలబడి కొండల వరుసలు చూడనివ్వండి. జూపార్కులో పులిని బోనులో చూసిన పిల్లవాడికి, అది అసలు తిరిగే చోటు ఎంత పెద్దదో ఇక్కడ అర్థమవుతుంది.

ఈ అడవి గురించి మాట్లాడి చెంచుల గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. నల్లమల వాళ్లకు ఊరు. మల్లన్న వాళ్లకు అల్లుడు. చెంచులక్ష్మి కథ మనకు సినిమాగా తెలుసు, వాళ్లకు అది ఇంటి కథ. వాళ్ల జీవితాన్ని మొదటిసారి వివరంగా రాసిపెట్టినవాడు వియన్నా నుంచి వచ్చిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిషు ప్రభుత్వం ఆయన్ను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి నిజాం రాజ్యంలోనే ఉండమంది. వేరే ఎవరైనా ఆ కాలాన్ని దిగులుతో గడిపేవారు. ఆయన భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ కొండల మీదికి వచ్చి, చెంచుల పెంటల దగ్గర గుడారం వేసుకుని, వాళ్లు ఏ కాలంలో ఏ గడ్డ తవ్వుతారో, తేనె ఎట్లా తీస్తారో, పెళ్లి ఎట్లా చేస్తారో రాసుకున్నాడు. ఆ రాతలే 1943లో పుస్తకంగా అచ్చయ్యాయి. చెంచుల దగ్గర పని అయ్యాకే ఆదిలాబాద్ గోండుల మీద ఆయన పెద్ద పని సాగింది. యుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యం దాటలేకపోయిన మనిషి, దాని లోపల ఎంత చూడొచ్చో చూపించాడు.

చెంచుల దగ్గరికి పోయినప్పుడు వాళ్లను ప్రదర్శన వస్తువులుగా చూడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. గుడిసె ముందు నిలబడి అడగకుండా ఫోటో తీయడం మర్యాద కాదు. మన బస్తీలో మన గుమ్మం ముందు ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? తేనె అమ్మితే కొనండి, బేరం ఆడొద్దు. చరియ అంచున తాడు కట్టుకుని వేలాడుతూ తీసిన తేనె అది. ఇవాళ అభయారణ్యంలో జంతువుల జాడ పట్టే పనికీ కాపలా పనికీ అటవీశాఖ నమ్ముకున్నది చెంచు యువకులనే. మరోవైపు కోర్ ప్రాంతంలోని ఊళ్లను బయటికి తరలించాలన్న మాట కూడా నడుస్తోంది. పులికి చోటు కావాలి, ఒప్పుకుంటాను. పులితో కలిసి ఇంతకాలం బతికినవాళ్లు ఒప్పుకోకుండా, వాళ్ల అటవీ హక్కులు తేల్చకుండా ఒక్క గుడిసె కూడా కదలకూడదని నా గట్టి అభిప్రాయం. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల ఊళ్లన్నీ లేచి నిలబడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మన్ననూరులో టీ తాగుతూ అడగండి, ఆ రోజుల ముచ్చట చెబుతారు.

చైత్ర పౌర్ణమికి సెలవులు కలిసొస్తే సలేశ్వరం జాతర ఉంది. అడవి లోపల లోయలో లింగమయ్య గుడి, పైనుంచి పడే జలధార. ఏడాదికి కొన్ని రోజులే అడవి దారి తెరుస్తారు, పూజారులు చెంచులే. రాళ్ల మీద కిలోమీటర్ల కొద్దీ దిగి ఎక్కాలి. పోతున్నవాళ్లు వస్తున్నామని, తిరిగి వస్తున్నవాళ్లు పోతున్నామని లింగమయ్యకు చెప్పుకుంటూ నడుస్తారు. లోయంతా ఆ కేకలే. గట్టి కాళ్లున్న యువకులు తప్పక పోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు దయచేసి పోవద్దు. ఇరుకు దారుల్లో జనం కిక్కిరిసిపోతారు, ఎండకు సొమ్మసిల్లితే ఎత్తుకుని రావడం కష్టం. మల్లెలతీర్థం జలపాతం వటువర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే వస్తుంది. ఎండాకాలంలో ధార సన్నగా ఉంటుంది. చల్లటి నీడ కోసం పోవచ్చు, హోరు కోసం వానలు పడ్డాక పోండి.

దోమలపెంట దగ్గర ఒక్క నిమిషం ఆగమంటాను. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కప్పు కూలింది ఇక్కడే. కృష్ణ నీళ్లను నల్లగొండ పొలాలకు మళ్లించే ఆ పనికి దూర రాష్ట్రాల నుంచి వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మన పంటల కోసం వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయినవాళ్లు. వాళ్లను తలుచుకోకుండా ఆ ఊరు దాటడం నాకు సాధ్యం కాదు.

ఘాట్ దిగుతుంటే శ్రీశైలం డ్యామ్. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. పూర్తి కావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 12 గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి జనం విరగబడతారు. ఎండాకాలంలో గేట్లు మూసి ఉన్నప్పుడు కట్ట కింద నది ఎముకలన్నీ బయటపడి కనిపిస్తాయి. ఎడమ గట్టు కొండ లోపల 900 మెగావాట్ల భూగర్భ విద్యుత్ కేంద్రం ఉంది. కరెంటు వాడకం తక్కువగా ఉన్న వేళ అవే యంత్రాలు వెనక్కి తిరిగి కింది నీళ్లను మళ్లీ పైకి తోడగలవు. సైన్సు చదివే పిల్లలు వెంట ఉంటే ఈ సంగతి అక్కడే చెప్పండి. శ్రీశైలం గురించి మీకు నేను చెప్పేదేముంది. సత్రాల్లో తక్కువకు గది దొరుకుతుంది, దేవస్థానం అన్నదానం ఉంది. దర్శనం అయ్యాక చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం మాత్రం చూడకుండా రావొద్దు.

చాలామంది ఇక్కడి నుంచి ఇంటికి మళ్లుతారు. నేను మాత్రం అచ్చంపేట దాకా వచ్చి కొల్లాపూర్ వైపు తిరగమంటాను. ఈ ఎండాకాలం యాత్రకు అసలు ఫలం అక్కడే ఉంది.

కొల్లాపూర్ ఒకప్పుడు సురభి రాజుల జటప్రోలు సంస్థానానికి రాజధాని. కోట, మామిడి తోటలు ఉన్న ఊరు. ఇక్కడి బేనిషాన్ పండు రుచి వేరు. మే నెలలో తోట దగ్గరే కొంటే పట్నం ధర కన్నా బాగా తక్కువ పడుతుంది. ఊళ్లో మాధవస్వామి గుడి చూడండి. ఆ గుడి మొదట ఇక్కడ లేదు, కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుందని పురావస్తు శాఖ వాళ్లు ఒక్కో రాయికీ అంకె వేసి విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. జటప్రోలు గుళ్లను, అలంపురం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా అలాగే తరలించారు. గుళ్లను రాయి రాయిగా కాపాడారు, మంచిదే. వందకు పైగా ఊళ్లు మాత్రం 1980ల మొదట్లో నీళ్ల కిందికి పోయాయి. ఇళ్లూ పొలాలూ వదిలి గట్టెక్కినవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు, పరిహారం సరిగా అందలేదన్న బాధ వాళ్ల పిల్లల్లో కూడా ఉంది.

కొల్లాపూర్ నుంచి సోమశిల దగ్గరే. నది ఇక్కడ విశాలంగా పరుచుకుని, కొండల మధ్య వంపులు తిరుగుతుంది. ఆవలి గట్టు మీద నందికొట్కూరు వైపు సంగమేశ్వరం. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటని చెబుతారు. గర్భగుడిలో వేప మొద్దు లింగం, ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్మకం. జలాశయం నిండితే ఈ గుడి పూర్తిగా మునిగిపోతుంది. నీళ్లు తగ్గుతుంటే ముందు శిఖరం, తరువాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడుతుంది. పూజారి వచ్చి ఒండ్రు తీసి, కడిగి, దీపం పెట్టి పూజలు మొదలుపెడతారు. పైన కర్ణాటకలో, మహారాష్ట్రలో వానలు పడి కృష్ణకు వరద రాగానే నీళ్లు గుడిలోకి చేరతాయి. నడుము లోతు నీళ్లలో నిలబడి ఆఖరి హారతి ఇచ్చి పూజారి బయటికి వస్తారు. మునిగిన నెలలు ఎక్కువ, తేలిన నెలలు తక్కువ. ఎండాకాలం తప్ప ఈ గుడిని చూడటానికి మరో కాలం లేదు. ఎండలకు భయపడి ఇంట్లో కూర్చునేవాళ్లకు ఇది ఎన్నటికీ కనపడదు.

సోమశిల నుంచి పడవలో దాటొచ్చు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. జనాన్ని కుక్కిన పడవ అసలే ఎక్కొద్దు. గాలి లేస్తే ఆ నది సముద్రంలా లేస్తుంది. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చే ఆలోచన పెట్టుకోకుండా పొద్దున్నే పోయి రండి. నీళ్లు తేటగా ఉన్నాయని పిల్లల్ని ఈతకు దించొద్దు, అడుగున మునిగిన ఇళ్ల గోడలు, బావులు ఉన్నాయి. ఊటనీటిలో, పడవలో, అడవిలో కొంచెం జాగ్రత్త ఉంటే చాలు.

తేదీల సంగతి చెప్పి ముగిస్తాను. మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు, జూన్ 12న తెరుస్తారు. జూలై వచ్చిందంటే వానల కోసం, జంతువులు ఈనే కాలం కోసం సఫారీ మూసేస్తారు. కృష్ణకు వరద ఎప్పుడు వస్తుందో ఏటా ఒకలా ఉండదు. కొన్నేళ్లు జూన్‌లోనే నీళ్లు పెరగడం మొదలవుతుంది. అందుకని సంగమేశ్వరం మే నెలాఖరులోగా చూసేయండి. బయలుదేరే ముందు శ్రీశైలం జలాశయం నీటిమట్టం ఎంతుందో పేపర్లో చూసుకోండి, రోజూ వేస్తారు. సఫారీ సీట్లు అమ్రాబాద్ అటవీ డివిజన్ వాళ్లను అడిగి ముందే ఖాయం చేసుకోండి. శని, ఆదివారాలు వదిలి సోమవారమో మంగళవారమో పోతే గేటు దగ్గరా, సత్రంలోనూ రద్దీ తక్కువ. రాత్రి 9 గంటల గేటు సంగతి గుర్తుంచుకుని, మన్ననూరుకు సాయంత్రం ఐదింటిలోపే చేరుకోండి.